దూడ తాగినాకే జున్ను

తెల్లారకముందే మేనత్త ఫోన్ చేసింది. "ఆవు ఈనిందిరా. పెయ్యదూడ. జున్ను కావాలంటే పొద్దు పోకముందే రా. రెండు దినాలు పోతే పాలు పలచబడిపోతాయి." వాళ్ళ పల్లె పుంగనూరు దాటాక ఉంది. మదనపల్లెలో మొదటి బస్సు ఎక్కేశాను.

ఆవు పుంగనూరు జాతిది. నిలబడితే నా నడుం దాటదు. ఈ జాతి ఎత్తే డెబ్బయి నుంచి తొంభై సెంటీమీటర్లు. 2024 సంక్రాంతికి ప్రధాని ఢిల్లీలో తన ఇంటి ఆవరణలో ఈ ఆవులకు మేత తినిపిస్తున్న ఫొటోలు వచ్చాయి. అప్పటినుంచి కార్లలో వచ్చి ధర అడిగేవాళ్ళు ఎక్కువయ్యారని అత్తకు విసుగు. ఆమె అమ్మదు. పాలు కూడా పెద్దగా రావు, అంత చిన్న పొదుగులోంచి ఎన్నని వస్తాయి? కుప్పంలో మా బావ ఇంట్లో జెర్సీ సంకరపు ఆవు ఈనితే సంగతి వేరు, బకెట్‌తో వీధంతా పంచుతారు. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసేచోటు కాబట్టి ఆ బకెట్‌లోవే తెలుగిళ్ళలో జున్నుపాలు, అరవం మాట్లాడే ఇంట్లో సీంపాలు, కన్నడమిళ్ళలో గిణ్ణు. అత్త ఇంట్లో బకెట్ మాటే లేదు, ఒక గ్లాసు దొరికితే పండగ.

నేను కాలేజీలో జీవరసాయనశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఏళ్ళ తరబడి బోర్డు మీద గీసిన ఒక ఎంజైము ఈ జున్ను వంటలో అడుగడుగునా తగులుతుందని ఆ రోజు అత్త పక్కన కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు. దాని పేరు సియాలిడేజ్. వంట చెబుతూ దాని సంగతీ చెబుతాను. ఒకటి వదిలి ఇంకొకటి చెప్పడం నాకు చేతకాలేదు.

నేను పోయేసరికి ఆవు దూడను నాకుతోంది. గోనెపట్టా తెచ్చి తుడవబోతే అత్త ఆపింది. "నాకనీరా, నువ్వు తుడిస్తే దానికి బిడ్డ వాసన తెలీదు." నాకుతుంటే దూడ ఒళ్ళు ఆరుతుంది, వెచ్చబడుతుంది, లేచి నిలబడే ఊపు వస్తుంది. ఆవు నాలుక నుంచి దూడ వీపు దాకా తీగలా సాగుతున్న ఆ ఎంగిలి జిగురు దగ్గరే నా ఎంజైము కథ కూడా మొదలవుతుంది.

1936లో స్వీడన్‌లో గున్నార్ బ్లిక్స్ అనే శాస్త్రవేత్త ఆవు దవడ కింది లాలాజల గ్రంథి జిగురులోంచి ఒక ఆమ్లాన్ని స్ఫటికాలుగా వేరుచేశాడు. గ్రీకులో ఎంగిలిని సియాలాన్ అంటారు. ఆ మాట మీదే తర్వాత దానికి సియాలిక్ ఆమ్లం అని పేరొచ్చింది. 1941లో జర్మనీలో ఎర్న్‌స్ట్ క్లెంక్‌కు మెదడు కొవ్వుల్లో ఇలాంటిదే దొరికింది. ఆయన నరాల పేరు కలిపి న్యూరామినిక్ ఆమ్లం అన్నాడు. ఎంగిలిలో దొరికిందీ మెదడులో దొరికిందీ ఒకే కుటుంబమని తర్వాత తేలింది. దాన్ని తుంచే ఎంజైముకు సియాలిడేజ్, న్యూరామినిడేజ్ అని రెండు పేర్లు నిలిచిపోవడానికి కారణం అదే.

సియాలిక్ ఆమ్లం ఒక చక్కెర. గ్లూకోజులో కర్బన పరమాణువులు ఆరైతే ఇందులో తొమ్మిది. పైగా రుణావేశం ఉంటుంది. మన కణాల మీద, రక్తంలోని ప్రొటీన్ల మీద, కొన్ని కొవ్వుల మీద చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. చాలా గొలుసులకు చిట్టచివరన ఉండేది ఇదే. రుణావేశమున్నవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఎంగిలి నీళ్ళను పట్టుకుని తీగలా సాగడానికి, ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకోకుండా రక్తంలో పారడానికి అదొక కారణం. ఆ చివరిదాన్ని, దాన్ని మాత్రమే, తుంచడం సియాలిడేజ్ పని. మదనపల్లె రైతు టమాటా చెట్టుకు పక్కపిలకలు తుంచుతాడు చూడండి, అట్లాంటి పని. తుంచేది గోరంత. దాంతో చెట్టు పెరిగే తీరే మారిపోతుంది.

నిజానికి ఈ జున్నుకు తొలి తుంపు ఎప్పుడో తొమ్మిది నెలల కిందట పడింది. క్షీరదాల్లో శుక్రకణం సియాలిక్ ఆమ్లం నిండిన తొడుగుతో ఆడదాని కడుపులోకి వస్తుంది. ఆ తొడుగులో కొంత ఊడితే గానీ అండాన్ని పట్టుకునే యోగ్యత దానికి రాదు. ఊడదీసే సియాలిడేజ్‌లు శుక్రకణం మీదే ఉంటాయి. అత్తకు ఇది చెబితే నవ్వి, "సిగ్గులేకుండా మాట్లాడతావే" అంది.

దూడ లేచి రెండుసార్లు పడి, మూడోసారి పొదుగు అందుకుంది. జున్ను చేయడంలో అసలైన మొదటి మెట్టు ఇది. మనం ఏమీ చేయకుండా ఊరుకోవాలి. ఆవు మాయ పొరలు మందం. మనుషుల్లోలాగా తల్లి రక్తంలోని యాంటీబాడీలు అందులోంచి బిడ్డకు చేరవు. దూడ పుట్టేటప్పటికి దాని ఒంట్లో తల్లి ఇచ్చిన రక్షణ దాదాపు లేనట్టే. ముర్రుపాలలోనే ఆ రక్షణంతా ఉంటుంది. దూడ పేగు ఆ యాంటీబాడీలను ముక్కలు చేయకుండా ఉన్నవి ఉన్నట్టుగా రక్తంలోకి వదిలేది మొదటి ఇరవైనాలుగు గంటలే, అందులోనూ మొదటి ఆరు గంటలు ముఖ్యం. ఆ తర్వాత పేగు తలుపు మూసుకుంటుంది. దూడ బరువులో పదో వంతు పాలు తొలిరోజే పడాలని పశువైద్యులు అంటారు. ఇంత చిన్న ఆవుకు అంటే మొదటి పూట పాలు దూడకే సరి. అత్త చెంబు ఇంట్లోనే ఉంచేసింది.

ముర్రుపాలు ఎందుకు అంత పచ్చగా, తేనెలా చిక్కగా ఉంటాయో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. పాశ్చాత్య దేశాల పెద్ద ఆవుల లెక్కలో మామూలు పాలలో ప్రొటీన్ సుమారు 3 శాతం. ఈనిన వెంటనే పిండిన పాలలో అది 14 శాతం చుట్టూ ఉంటుంది. పాలచక్కెర మాత్రం సగానికి తగ్గి ఉంటుంది. అందుకే ముర్రుపాలు తీపిగా ఉండవు, కాస్త ఉప్పగా తగులుతాయి. ఆ పాలచక్కెరలో కొంత భాగం కొసన సియాలిక్ ఆమ్లం తగిలించుకుని ఉంటుంది. దాన్ని సియాలిల్‌లాక్టోజ్ అంటారు. తొలి పాలలో దండిగా ఉండి, రోజులు గడిచేకొద్దీ చప్పున తగ్గిపోతుంది. పేగు గోడ మీది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకుని ఎక్కాలని చూసే సూక్ష్మజీవులు ఈ విడి ముక్కలను పట్టుకుని మోసపోతాయని ప్రయోగశాలల్లో చూశారు. చేపకు ఎర వేసినట్టన్నమాట.

1978లో జె. జె. డిక్సన్, మైకేల్ మెసర్ అనే ఇద్దరు ఎలుక పిల్లల పేగుల్లో సియాలిడేజ్‌ను కొలిచారు. పాలు తాగే రోజుల్లో అది హెచ్చుగా ఉండి, పాలు మానే వేళకు పడిపోయింది. వేరే జంతువులనూ కలిపి చూస్తే, ఏ తల్లి పాలలో సియాలిక్ ఆమ్లం ఎక్కువో ఆ పిల్లల పేగులో ఎంజైమూ ఎక్కువని తేలింది. తల్లి పొదుగులో కూర్చి పంపినదాన్ని విడదీయడానికి బిడ్డ కడుపులో కత్తెర తయారుగా ఉంటుంది. అది కూడా అవసరమున్నన్నాళ్ళే. నన్నడిగితే సియాలిడేజ్ గురించి ఇంతకంటే అందమైన కొలత ఇంకొకటి లేదు.

ఆ రాత్రి ఒకసారి, మర్నాడు పొద్దున మళ్ళీ దూడ కడుపునిండా తాగాక అత్త పొదుగు కిందికి చెంబు పట్టింది. ఒక గ్లాసు వచ్చింది. ఆవువెన్నను మించిన పసుపు. పలచటి నూలుగుడ్డలో వడకట్టింది. వేలితో తీసి నాలుక మీద వేసుకోబోతే చేయి పట్టుకుంది. పచ్చి ముర్రుపాలు ఒంటికి మంచిదని ఈ మధ్య ప్రచారం సాగుతోంది. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఉన్న ఊరివాణ్ణి, నేనైతే ఆ మాట చెప్పలేను. పచ్చిపాలతో క్షయా బ్రూసెల్లా కూడా వస్తాయి. 2024 మార్చిలో అమెరికాలో పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకినట్టు బయటపడింది. పచ్చిపాలలో వైరస్ కుప్పలుగా కనిపించింది. ఎందుకో తెలుసా? ఫ్లూ వైరస్ కణంలోకి దూరేది సియాలిక్ ఆమ్లాన్ని పట్టుకునే. పొదుగు నిండా అదే.

లోపలికి దూరడానికి పట్టుకున్నదే బయటికి వచ్చేటప్పుడు వైరస్‌కు బంధనమవుతుంది. పుట్టిన కొత్త వైరస్‌లు కణం మీది సియాలిక్ ఆమ్లానికి అతుక్కుని కదల్లేవు. ఆ అతుకు తెంచుకోవడానికి వైరస్ తన సొంత సియాలిడేజ్‌ను ఒంటిమీదే మోసుకొస్తుంది. 2009లో మనల్ని భయపెట్టిన స్వైన్ ఫ్లూ పేరు హెచ్1ఎన్1 కదా, అందులో ఎన్ అంటే న్యూరామినిడేజ్ అనే ఆ ఎంజైమే. దాన్ని పనిచేయనివ్వకుండా అడ్డుపడే మందు ఒసెల్టామివిర్. దీన్ని తయారుచేసుకునే అనుమతిని రోష్ కంపెనీ 2005లో మన హైదరాబాదు హెటిరో సంస్థకు ఇచ్చింది. మన క్షీరద సియాలిడేజ్‌ల మీద ఆ మందు పెద్దగా పనిచేయదు. ఆకారంలో ఆ మాత్రం తేడా ఉండబట్టే రోగి క్షేమం.

ఇక కలపడం. తొలిరోజు ముర్రుపాలైతే గ్లాసుకు మూడు గ్లాసుల మామూలు పాలు. పక్కింటి జెర్సీ పాలు తెచ్చాం, కాచినవి, బాగా చల్లారినవి. మావి రెండో రోజు పాలు, వాటికైతే గ్లాసుకు రెండు గ్లాసులే కలపాలి, మూడో రోజుకు సమంగా పోసినా గట్టిపడడం అనుమానమే. కొలతల మీద అత్తకు నమ్మకం లేదు. చిన్న గిన్నెలో రెండు గరిటెలు పోసి ముందు ఆవిరి పెట్టి చూసింది. రబ్బరులా సాగితే పాలు ఇంకొంచెం పోయాలి, వణుకుతూ నీరు వదిలితే ముర్రుపాలు చాల్లేదని. చిత్తూరు బెల్లం నూటయాభై గ్రాములు తురిమి కొద్దిపాటి నీళ్ళలో కరగబెట్టి, వడగట్టి, పూర్తిగా చల్లారాక కలిపింది. వేడి పాలలో బెల్లం వేస్తే విరుగుతుందని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు తొందరపడతారు. పది మిరియాలు, నాలుగు యాలక్కాయలు దంచి వేసింది. శొంఠి కూడా వేస్తారు, అత్త వేయదు.

ఇడ్లీపాత్రలో అడుగున నీళ్ళు పోసి, పైన జున్నుగిన్నె పెట్టి, ఆవిరి చుక్కలు పడకుండా గిన్నె మీద పళ్ళెం బోర్లించింది. మంట మధ్యస్థం. "ఇంగ ఇరవై ఐదు నిమిషాలు మూత తీయొద్దు. నువ్వు చెప్పేదేందో చెప్పుకో" అని చాప మీద చేరగిలబడింది.

జున్నుకు తోడు అక్కర్లేదు, నిమ్మరసం అక్కర్లేదు. వేడికి యాంటీబాడీలు, ఇతర పాల ప్రొటీన్లు ముడి విప్పుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ఆ వలలో నీళ్ళు, కొవ్వు చిక్కుకుంటే జున్ను. ముర్రుపాలలోని ఎంజైములు దాదాపు అన్నీ ఈ వేడికే చచ్చిపోతాయి. యాంటీబాడీలు కూడా పనికిరాకుండా పోతాయి. సియాలిక్ ఆమ్లం మాత్రం చాలా వరకు గొలుసు కొసనే నిలిచి ఉంటుంది. దాన్ని వేడితో ఊడగొట్టాలంటే బాగా పుల్లటి ద్రావణం కావాలి, పాలలో అంత పులుపు లేదు.

అది ఉడికేలోపు మన ఒంట్లోని నాలుగింటి సంగతి. క్షీరదాల్లో సియాలిడేజ్‌లు నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని నంబర్లే వాటి పేర్లు. శాస్త్రవేత్తలకు పేర్లు పెట్టడంలో మన పల్లెవాళ్ళకున్న ఓపిక లేదు.

మొదటిది అన్నిటికంటే ముఖ్యం. కణంలోని చెత్తకుప్ప లాంటి లైసోసోమ్‌లో ఉంటుంది. పాతబడ్డ చక్కెర గొలుసులను విప్పే పనిలో ముందు చేయి వేసేది ఇదే. కొసన ఉన్న సియాలిక్ ఆమ్లం పోతే గానీ తర్వాతి ఎంజైములకు గొలుసు చిక్కదు. ఇది ఒంటరిగా పనిచేయలేదు, కాథెప్సిన్ ఏ అనే ప్రొటీన్ తోడు లేకపోతే విరిగిపోతుంది. జన్యులోపం వల్ల ఇది లేకుండా పుట్టిన బిడ్డకు వచ్చేది సియాలిడోసిస్. విప్పని గొలుసులు కణాల్లో పేరుకుంటాయి. కంటి వెనక పొర మీద చెర్రీపండు రంగు మచ్చ పడుతుంది, కాళ్ళూ చేతులూ ఉలిక్కిపడ్డట్టు ఎగురుతాయి, చూపు తగ్గుతుంది. లోపం తీవ్రమైతే పసితనంలోనే ముఖం, ఎముకలు, మెదడు దెబ్బతింటాయి. చాలా అరుదైన జబ్బే. కానీ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, చెడ్డ జన్యువు రెండువైపుల నుంచీ వస్తేనే వచ్చే జబ్బు. మేనమామకు మేనకోడలినిచ్చే మన సీమలో ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి. మా తాతా అవ్వా అట్లా పెళ్ళాడినవాళ్ళే. చాప మీదినుంచి అత్త ఏమీ అనలేదు.

ఇక్కడ ఎలుకల కథ ఒకటి. టే-శాక్స్ అని పసిపిల్లలను తీసుకుపోయే ఇంకో జబ్బు ఉంది, గాంగ్లియోసైడ్ అనే కొవ్వు మెదడులో పేరుకోవడం వల్ల వస్తుంది. ఎలుకల్లో అదే జన్యువును తీసేసి చూస్తే, అవి హాయిగా తిరిగాయి. ఎందుకంటే ఎలుక సియాలిడేజ్ ఆ కొవ్వు కొసను ముందే తుంచి, పక్కదారిన అరిగించేస్తుంది. మన సియాలిడేజ్‌కు ఆ దారి సరిగ్గా పట్టుబడలేదు.

రెండోది కణద్రవంలో ఉంటుంది, ఎలుక కండరాలు ఏర్పడేటప్పుడు పెరుగుతుంది. మనుషుల్లో బాగా తక్కువ. నాలుగోది మెదడులో ఎక్కువ. ఈ రెండిటి గురించి ఇంతకంటే చెప్పి మీ సహనాన్ని పరీక్షించను. మూడోది కణం పైపొర మీద కూర్చుంటుంది. నరాల కణానికి చాలా కొసలు మొలిచినా ఏదో ఒకటే పొడుగ్గా సాగి ఆక్సాన్ అవుతుంది. ఆ ఒక్కటి ఏదో తేల్చడంలో దీని చేయి ఉందని ఎలుకల నరకణాల్లో చూశారు. అదే ఎంజైము పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో హద్దు మీరి ఉంటుంది, చావాల్సిన కణాలను చావనివ్వదు.

"అయితే తుంచేది మంచిదా చెడ్డదా?" అంది అత్త, కళ్ళు మూసుకునే. ఆ ప్రశ్నకు నా దగ్గర ఉన్న మంచి జవాబు కుందేళ్ళది. 1960లలో అమెరికాలో గిల్బర్ట్ ఆష్‌వెల్, అనాటోల్ మోరెల్ రక్తంలోని సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్ తీసుకుని, సియాలిడేజ్‌తో దాని కొసలు తుంచి కుందేళ్ళకు ఎక్కించారు. తుంచని ప్రొటీన్ గంటల తరబడి రక్తంలో తిరిగింది. తుంచినది నిమిషాల్లో మాయమై కాలేయంలో తేలింది. కొస ఊడితే లోపలి చక్కెర బయటపడుతుంది, కాలేయం దాన్ని గుర్తుపట్టి లాగేసుకుంటుంది. మన రక్తంలోని ప్రొటీన్లు, ప్లేట్‌లెట్లు ఇలాగే కొస అరిగి, వయసుతీరి, కాలేయం చేతికి చిక్కుతాయి. కొస ఉన్నన్నాళ్ళూ ఆయుష్షు. తుంచే ఎంజైము మంచిదీ కాదు చెడ్డదీ కాదు, ఎప్పుడు తుంచింది, ఎవరు తుంచారు అన్నదే లెక్క. కలరా సూక్ష్మజీవి కూడా తన సియాలిడేజ్‌తో మన పేగు కణాల కొసలు తుంచుతుంది. తుంచగా మిగిలిన మొండెమే దాని విషానికి పట్టు.

ఈ కబుర్లలో ఇరవై ఐదు నిమిషాలు ముప్పయి ఐదయ్యాయి. అత్త లేచి మూత తీసి కత్తి గుచ్చింది. కత్తి పొడిగానే వచ్చింది గానీ జున్ను నిండా చిల్లులు, అంచుల్లో నీరు. ఎక్కువసేపు ఆవిరి తగిలితే అల్లుకున్న వల బిగుసుకుపోయి నీళ్ళను పిండేస్తుంది. "నీ ఎంజైములతో నా జున్ను చెడగొట్టినావు గదరా" అని గిన్నె దించింది. పూర్తిగా చల్లారాక ముక్కలు కోసింది. వేడిమీద కోస్తే చెదిరిపోతుంది. మిరియం ఘాటు, బెల్లం తీపి, చిల్లులున్నా రుచికి లోటు లేదు.

తింటూ ఒక సంగతి చెప్పాను. ఆవు సియాలిక్ ఆమ్లాల్లో ఒక రకం మన ఒంట్లో తయారుకాదు. దాన్ని చేసే జన్యువు మన పూర్వీకుల్లో ఇరవై ముప్పయి లక్షల ఏళ్ళ కిందట పాడైంది. ఆవు మాంసంలో ఆ రకం ఎక్కువ, పాలలో కొద్ది. "కొద్దే గదా, తిను" అంది.

కొట్టంలో దూడ తల్లి పొట్టకు ఆనుకుని పడుకుంది. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఆవు ఈనితే మొదటి పూట చెంబు తీసుకెళ్ళకండి. మర్నాటి పాలతో కూడా జున్ను బాగానే వస్తుంది. ఇరవై ఐదో నిమిషానికి మాత్రం మూత తీయండి.